పరిచయములును ఉద్యోగాభివృద్ధియు

ప్రతి సంవత్సరమును పై తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట కొందరు విద్యార్థులు ఉపాధ్యాయుల యొద్ద సెలవు తీసికొనుటకు వచ్చుచుందురు. ఆ సమయమున వారి నోట తరచుగా వెలువడు మాట యొకటి కలదు: “మాస్టరుగారూ, మాకెవరున్నారండీ?” మార్కులు చాలవనిగాని, చదువు రాలేదనిగాని వారు విచారింపరు. పట్టణమున తమ్ము నెరిగినవారు లేరనియే వారి విచారము. కచ్చేరులలో మేనమామలును, కంపెనీలలో పెదతండ్రులును గల బాలురు నాలుగు మెట్లు పైనుండి బయలుదేరుచున్నారనియు, తాము మాత్రము నేలమీదనుండి ఎక్కవలసియున్నదనియు వారి భావము. ఈ భావము పూర్తిగా అబద్ధమని చెప్పుటకు నాకు నోరు రాదు.

ఈ విషయమున పెద్దలలో రెండు అభిప్రాయములు వినబడుచుండును. లోకమంతయు సిఫారసులమీదనే నడచుచున్నదనియు, తెలిసినవాడు లేనిదే గడ్డిపరకయైనను కదలదనియు కొందరందురు. యోగ్యత యున్నచో ఉద్యోగమే మనుష్యుని వెదకికొని వచ్చుననియు, ఒకరి గుమ్మమెక్కి అడుగుట గౌరవము కాదనియు మరికొందరందురు. మొదటి మాట నమ్మిన బాలుడు చదువు మానును. రెండవ మాట నమ్మిన బాలుడు చదివిన చదువును పెట్టెలో పెట్టి తాళము వేసికొని కూర్చుండును. వీనిలో ఏది ఎంతవరకు నిజమో ఊహలచేత గాక, తేదీలతోను జీతములతోను సహా మనకు తెలిసియున్న ఒక జీవితమును ముందుంచుకొని పరిశీలింపదలచితిని.

ఆ జీవితము శ్రీనివాస రామానుజముగారిది. ఆయన గణితప్రజ్ఞను గూర్చి విద్యార్థులు చదివియే యుందురు. కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు ఒక ఉత్తరము వ్రాసెననియు, దానితో ఆయన దశ తిరిగెననియు అందరును చెప్పుదురు. అయితే ఆ ఉత్తరమునకు ముందు ఆయన ఎన్ని గుమ్మములెక్కెనో, ఏ గుమ్మమువారు తరువాతి గుమ్మమును చూపిరో లెక్కించువారు తక్కువ. నేను లెక్కింపదలచినది దానినే.

రామానుజము 1887 డిసెంబరు 22వ తేదీని ఈరోడులో జన్మించి కుంభకోణములో పెరిగెను. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరెను గాని, గణితము తప్ప తక్కిన పాఠములను లక్ష్యపెట్టనందున ఆ వేతనము పోయెను. 1905లో ఇంట ఎవరితోను చెప్పకయే బయలుదేరి మన విశాఖపట్టణము చేరెను.   కొంతకాలమునకు తిరిగి ఇల్లు చేరెను. తరువాత మద్రాసులో పచ్చయప్ప కళాశాలలో చేరి, అక్కడను ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను. 1907 తరువాత ఆయనకు కళాశాలయు లేదు, పట్టమును లేదు, జీతమును లేదు. ఉన్నది ఒక్క నోటుపుస్తకము. దానిలో ప్రపంచమున మరియొకరు కనిపెట్టని సూత్రములు అనేకములుండెను.

యోగ్యత యున్నచో ఉద్యోగమే వెదకికొని వచ్చుననెడివారు ఈ సంవత్సరములను గమనింపవలెను. అంతటి ప్రజ్ఞ ఆ నోటుపుస్తకములో నుండగా ఎవరును వెదకికొని రాలేదు. పుస్తకము మూసియున్నంతకాలము దానిలోని సూత్రములు నిజమైనవో, పిచ్చిగీతలో చెప్పగలవాడు లేడు. 1909లో ఆయనకు వివాహమయ్యెను. అంతట సంపాదన అవసరమాయెను. గుమ్మములెక్కుట అప్పుడే ఆరంభమాయెను.

మొదటి ముఖ్యమైన గుమ్మము తిరుక్కోయిలూరులోనిది. అక్కడ వి. రామస్వామయ్యరుగారు డిప్యూటీ కలెక్టరుగా నుండిరి. రామానుజము 1910లో ఆయన యొద్దకు పోయి, ఏ తాలూకా కచ్చేరిలోనైనను, మునిసిపాలిటీలోనైనను ఒక గుమాస్తా పని ఇప్పింపుమని అడిగెను. ఇందులో విశేషమేమున్నది? డిప్యూటీ కలెక్టరులు ఆ రాజధానిలో ఇంకను అనేకులుండిరి. అయితే ఈ డిప్యూటీ కలెక్టరు 1907లో భారత గణితశాస్త్ర సంఘమును స్థాపించిన మనుష్యుడు. ఈయన నోటుపుస్తకమును విప్పి చూచెను. అడిగిన గుమాస్తా పని ఇచ్చుటకు ఆయనకు మనసొప్పలేదు. రెవెన్యూ శాఖలో అట్టడుగు మెట్టున అట్టి బుద్ధిని అణచివేయరాదని తలచి, మద్రాసులోని గణితజ్ఞులకు పరిచయపు ఉత్తరమిచ్చి పంపెను. రామానుజము అడిగినది చిన్నది, దొరకినది వేరొకటి. ఉత్తరము తప్ప ఆనాడు చేతికి కాసు రాలేదు.

ఇక్కడ ఆ గణితశాస్త్ర సంఘమును గూర్చి కొంచెము చెప్పవలెను. అది మొదట కొద్దిమంది కలిసి పెట్టుకొనిన చిన్న సంఘము. ఐరోపాలోని గణిత పత్రికలు ఒక్కొక్కరు కొనలేరు గనుక, చందాలు వేసికొని తెప్పించి, తపాలాలో ఒకరి తరువాత ఒకరికి పంపుకొని చదువుకొనుచుండిరి. వారిలో కలెక్టరులును, కళాశాలలలో పాఠములు చెప్పువారును, కచ్చేరులలో లెక్కలు చూచువారును ఉండిరి. బంధుత్వముచేత గాక ఒక శాస్త్రముమీది ప్రీతిచేత ఒకరినొకరు ఎరిగినవారు. రామానుజమునకు తరువాత రెండు మూడేండ్లలో తోడ్పడిన మన దేశస్థులు ముఖ్యముగా ఈ గుంపులోనివారే. ఇది గమనింపకుండ ఆయన కథను చదివినవారికి, దారిలో మంచివారు ఒకరి తరువాత ఒకరు యాదృచ్ఛికముగా ఎదురైనట్లు తోచును. అది యాదృచ్ఛికము కాదు. ఒక్క తలుపు తట్టగా లోపల ఇల్లంతయు ఒకటే అయియుండెను.

ఉత్తరము తీసికొని రామానుజము పి.వి. శేషు అయ్యరుగారిని చూచెను. ఈయన పూర్వము కుంభకోణము కళాశాలలో ఉపాధ్యాయుడు. రామానుజమును విద్యార్థిగా నెరిగినవాడు. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో నుండెను. అనగా పాతపరిచయమే. కాని పాతపరిచయము అంతవరకు నిద్రించుచుండెను. కొత్త ఉత్తరము వచ్చి దానిని లేపెను. ఈయన నెల్లూరు కలెక్టరుగారికి ఒక ఉత్తరమిచ్చెను. 1910 డిసెంబరులో రామానుజము నెల్లూరుకు వచ్చెను.

నెల్లూరులో జరిగిన సంగతి ఈ కథ యంతటిలోను నాకు మిక్కిలి ప్రియమైనది. కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారు, ఆయనయు గణితశాస్త్ర సంఘమునకు చేరినవారే. రామానుజము మరణించిన తరువాత ఆ మొదటి దర్శనమును గూర్చి ఆయన తన జ్ఞాపకములను వ్రాసియుంచెను. పొట్టిగా, లావుగా, గడ్డము గీసికొనక, అంత శుభ్రముగా లేని బట్టలతో ఒక యువకుడు నలిగిన నోటుపుస్తకమును చంకబెట్టుకొని లోనికి వచ్చెననియు, ఆ మనిషిలో చూడదగినవి మెరయుచున్న కన్నులు మాత్రమే యనియు ఆయన చెప్పియున్నారు. పుస్తకములోని విషయము ఆయనకు బోధపడలేదు. ఇది శాస్త్రమో, మతిభ్రమమో నిశ్చయించి చెప్పుట తనకు సాధ్యము కాలేదని దాచక ఒప్పుకొనెను. అయినను వెళ్లగొట్టక, మరల రమ్మనెను.

రామానుజము మరల వచ్చినప్పుడు చేసిన పని నేర్పరులకు తగినది. తన లెక్కలు వినుచున్న పెద్దమనిషికి ఎంతవరకు తెలియునో ఆయన కనిపెట్టెను. మొదట తేలికయైన ఫలితములను కొన్నింటిని చూపెను. అవియు అప్పటి గ్రంథములలో లేనివే, కాని అర్థమగునవి. కలెక్టరుగారికి ఈ యువకుడు సామాన్యుడు కాడని అప్పుడు తోచెను. అక్కడనుండి మెట్టు వెంట మెట్టుగా కఠినమైన విషయములకు తీసికొనిపోయి, కట్టకడపట, అప్పటికి లోకమునకు తెలియని తన సిద్ధాంతమును విప్పెను. చదువు తక్కువవానివలె కనబడినవాడు కలెక్టరునకు ఒక చిన్న పాఠము చెప్పెనన్నమాట! మన విద్యార్థులలో తెలివిగల కొందరు పెద్దల యెదుట తమకు తెలిసినదానిలో అన్నిటికన్న కఠినమైనదానిని ముందు చెప్పి, వినువారు ఆవులించినంతనే, “వీరికి గుణగ్రహణము లేదు” అని ఇంటికి వచ్చుచుందురు. గుణగ్రహణము లేకపోవుటయు కలదు. కాని ప్రతిసారి అదే కారణము కాదు.

నీకేమి కావలెనని కలెక్టరుగారు అడిగిరి. పరిశోధనలు సాగించుకొనుటకు తిండికి చాలినంత యుండిన చాలునని రామానుజము చెప్పెను. నెల్లూరువంటి మారుమూల ఊరిలో అట్టివానిని ఉంచుట అన్యాయమని తలచి (నెల్లూరువారు క్షమింతురు గాక!) ఆయనను మద్రాసుకే తిరిగి పంపి, నెలకు 25 రూపాయలు తన చేతిసొమ్ము పంపుచుండెను. సుమారు ఒక సంవత్సరము రామానుజము ఆ డబ్బుతో గడపెను. 1911లో ఆయన మొదటి వ్యాసము గణితశాస్త్ర సంఘమువారి పత్రికలో అచ్చయ్యెను. అచ్చయిన వ్యాసము తానే ఒక పరిచయపత్రము. ఎన్నడును చూడని వారి యింటికికూడ అది పోగలదు.

ఒకరి దానముమీద బ్రతుకుట రామానుజమునకు ఇష్టము లేకపోయెను. 1912 ఫిబ్రవరి 9వ తేదీని మద్రాసు పోర్టు ట్రస్టునకు గుమాస్తా పనికై దరఖాస్తు పంపి, ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులైన మిడిల్‌మాస్టుగారి యోగ్యతాపత్రమును దానికి జతపరచెను. మార్చి 1వ తేదీనుండి నెలకు 30 రూపాయల జీతముపై పని దొరకెను. పనియేమో సామాన్యమైనదే. ఆ కచ్చేరిలో లెక్కలశాఖకు పెద్దగా నుండిన ఎస్. నారాయణయ్యరుగారు పూర్వము కళాశాలలో గణితము చెప్పినవారు, గణితశాస్త్ర సంఘములోనివారు. సాయంకాలములందు వీరిరువురును పలకలు ముందు పెట్టుకొని లెక్కలు చేయుచుండిరి. కచ్చేరికి అధ్యక్షుడైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొర ఇంజనీరు. ఆయనకు రామానుజమును గూర్చి చెప్పి శ్రద్ధ కలిగించినవాడు నారాయణయ్యరుగారే. పై అధికారితో నేరుగా మాటాడజాలని గుమాస్తాకు, నడుమ నొకరుండి అతని పని తెలిసి చెప్పుట ఎంతటి సాయమో ఉద్యోగములు చేసిన తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక సీమకు వ్రాసిన ఉత్తరములు. అన్నియు ఫలింపలేదు. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలోని గ్రిఫిత్తుగారు లండనులో తనకు చదువు చెప్పిన హిల్లు పండితునకు రామానుజము లెక్కలు పంపిరి. హిల్లుగారు 1912 చివర జవాబు వ్రాసి, తప్పులు చూపి, ఫలానా గ్రంథము చదివిన మంచిదని సలహా ఇచ్చిరి; అంతకు మించి కలుగజేసికొనలేదు. కేంబ్రిడ్జిలోని బేకరు, హాబ్సను అను ఇరువురు ఆచార్యులకు వ్రాయగా సహాయమేదియు రాలేదు. వారిని దుష్టులని తలపరాదు. ఎరుగని దేశమునుండి, ఎరుగని గుమాస్తా పంపిన, రుజువులు లేని సూత్రముల కాగితములు వారికి ఏమని తోచవలెను?

తరువాత 1913 జనవరి 16వ తేదీని హార్డీకి వ్రాసిన ఉత్తరము. ఇందు రామానుజము తన్ను తాను దాచుకొనలేదు, పొగడుకొననులేదు. పోర్టు ట్రస్టులో సంవత్సరమునకు 20 పౌనుల జీతముగల గుమాస్తాననియు, విశ్వవిద్యాలయపు చదువు పూర్తి చేయలేదనియు, తీరిక వేళల గణితము చేసికొనుచున్నాననియు మొదటనే చెప్పెను. అటుపిమ్మట, హార్డీగారు తమ పుస్తకములో ప్రధానసంఖ్యలను గూర్చి యింతవరకు తెలియలేదని వ్రాసిన ఒక సంగతిని ఎత్తుకొని, దానికి తాను సమాధానము కనుగొంటినని వ్రాసెను. అనగా ఎవరికి వ్రాయుచున్నాడో వారి గ్రంథము చదివి, వారి మనసులో ముందే ఉన్న ప్రశ్నకు జవాబుగా తన ఉత్తరమును నడపెను. చిత్రమేమనగా, ఆ ప్రత్యేక విషయమున రామానుజము చెప్పినది తప్పని పిమ్మట తేలెను! అయినను దానితో జతపరచిన నూటికి పైబడిన సూత్రములలో కొన్ని హార్డీని నిలువబెట్టినవి. ఆయనయు మిత్రుడు లిటిల్‌వుడ్డును కూర్చుండి పరిశీలించి, ఇది మహామేధావి పనియే యని నిశ్చయించిరి. ఫిబ్రవరి 8వ తేదీని హార్డీ జవాబు వ్రాసెను.

కథ ఇక్కడ ముగిసెనని చాలామంది తలంతురు. నిజమునకు ఒక జవాబుతో ఎవరి జీతమును పెరుగదు. సీమలో హార్డీ ఇండియా ఆఫీసుతో మాటాడగా, అక్కడివారు మద్రాసులో భారతీయ విద్యార్థుల విషయము చూచు కార్యదర్శికి తెలిపిరి. మద్రాసులో స్ప్రింగు దొర ఊరకుండలేదు. వాతావరణశాఖాధిపతియైన గిల్బర్టు వాకరుగారు ఫిబ్రవరి 25వ తేదీని పోర్టు ట్రస్టునకు రాగా ఆ కాగితములను ఆయన ముందుంచిరి. వాకరు పూర్వము కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో గణితవిద్వాంసుడు. ఆయన మరునాడే మద్రాసు విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారునకు ఉత్తరము వ్రాసెను. మార్చి 19వ తేదీని గణిత పాఠ్యసంఘము సమావేశమయ్యెను. పట్టము లేనివానికి పరిశోధక వేతనమా యని అభ్యంతరము పుట్టెను, అది దాటబడెను. మే 1వ తేదీనుండి నెలకు 75 రూపాయలు చొప్పున రెండేండ్ల వేతనము ఏర్పడెను. మూడు నెలలకొకసారి చేసిన పనిని వ్రాసి యిచ్చుట షరతు. రామానుజము ఆగస్టులోను, నవంబరులోను, మరుసటి మార్చిలోను ఆ నివేదికలు తప్పక సమర్పించెను.

1914 ఆరంభమున కేంబ్రిడ్జినుండి నెవిలుగారు ఉపన్యాసములిచ్చుటకు మద్రాసు వచ్చెను. రామానుజమును సీమకు వచ్చుటకు ఒప్పింపుమని హార్డీ ఆయనతో చెప్పి పంపియుండెను. ఉత్తరములవలన కాని పని మనిషి ఎదుట కూర్చుండి మాటాడుటవలన అయ్యెను. నెవిలు రిజిస్ట్రారునకు వ్రాసెను. లిటిల్‌హెయిల్సు ఆచార్యులు విశ్వవిద్యాలయములో కదిలించిరి. స్ప్రింగు దొర గవర్నరుగారి కార్యదర్శికి వ్రాసెను. సంవత్సరమునకు 250 పౌనుల వేతనము మంజూరయ్యెను. 1914 మార్చి 17వ తేదీని రామానుజము మద్రాసులో ఓడ యెక్కెను. 1916లో కేంబ్రిడ్జి పట్టము, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పును వచ్చెను. 1920 ఏప్రిలు 26వ తేదీని, ముప్పది మూడేండ్లు నిండకయే, మద్రాసులో ఆయన మరణించెను.

ఇప్పుడు లెక్క చూతము. తిరుక్కోయిలూరునుండి ఓడవరకు ఈ పనిలో చేయి వేసినవారు పదిమందికి పైబడిరి. వీరిలో ఒక్కరును రామానుజమునకు బంధువు కాడు. ఒక్కరును ఆయన దశను ఒంటిచేతితో మార్చలేదు. ఒకరు ఉత్తరమిచ్చిరి, ఒకరు నెలకు 25 రూపాయలిచ్చిరి, ఒకరు పలక ముందు కూర్చుండిరి, ఒకరు తప్పులు చూపిరి, ఒకరు రిజిస్ట్రారునకు ఒక కాగితము వ్రాసిరి. హార్డీకి ముందు వీరిలో అనేకులకు ఆ నోటుపుస్తకము పూర్తిగా అర్థము కాలేదు. తనకు అర్థము కాని దానిని, అర్థమగు వాని యొద్దకు చేర్చుటయే వారు చేసిన మేలు. అట్లు చేర్చుటకు తెలివికన్న నిజాయితీ ఎక్కువ కావలెను. మనకు తెలియనిదానిని పనికిమాలినదని కొట్టివేయుట ఎంత సులభమో ఉపాధ్యాయులమైన మేము ఎరుగుదుము.

దూరపు పరిచయములవలననే ఇంత పని యేల జరుగును? దీనికి కారణమును మార్క్ గ్రానొవెటర్ అను అమెరికా సంఘశాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన వ్యాసములో చెప్పియున్నాడు. బోస్టను నగరసమీపమున ఇటీవల ఉద్యోగము మారినవారిని ఆయన ప్రశ్నించెను. తెలిసినవారిద్వారా ఉద్యోగము పొందినవారిలో, ఆ తెలిసినవారిని తరచుగా చూచుచుండినవారు నూటికి 16.7 మంది మాత్రమే. అప్పుడప్పుడు చూచుచుండినవారు 55.6 మంది, అరుదుగా చూచుచుండినవారు 27.8 మంది. ఆయన ప్రశ్నించిన జనసంఖ్య చిన్నదే. కాని ఆయన చెప్పిన కారణము మన యనుభవమునకు సరిపడుచున్నది. మన యింటివారికిని, ప్రాణస్నేహితులకును తెలిసిన సంగతులు మనకు ముందే తెలియును. మనమెరుగని కచ్చేరిలో, మనమెరుగని ఊరిలో ఖాళీ యున్నదని చెప్పగలవాడు, సంవత్సరమునకు రెండుసార్లు కనబడు పాత సహాధ్యాయి, రైలులో పరిచయమైన పెద్దమనిషి, వెనుకటి తరగతులలో పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు. మేనమామ లేడని విచారించు బాలుడు ఈ లెక్కను ఒకసారి చూచుకొనవలెను. మేనమామ ఉన్న బాలునకు తెలిసినదెల్ల ఆ మేనమామ కచ్చేరియే.

సిఫారసునకును, పరిచయమునకును భేదము కలదు. ఇతడు నావాడు గనుక పని యిమ్మనునది సిఫారసు. ఇతని పని యిట్టిది, నీవే చూచుకొనుమనునది పరిచయము. మొదటిది చూపు మూయించును, రెండవది తెరపించును. ప్రభుత్వోద్యోగములకు పోటీపరీక్షలు పెట్టినది మొదటిదానిని అరికట్టుటకే. తన తరపున ఒత్తిడి తెప్పించు అభ్యర్థి అనర్హుడగునని సర్వీసు కమిషనువారి ప్రకటనలలో తరచుగా ఉండును. అట్టిచోట పరిచయమునకు పనియే లేదా? ఉన్నది. ఏ పరీక్ష ఎప్పుడు జరుగునో, దేనిని చదువవలెనో, ఏ ఉద్యోగములో నిజముగా ఏమి పని చేయవలెనో చెప్పుటవరకు దాని పని. దాటి పోగూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పై కథలో పేర్కొనిన పేర్లలో ఒక్క స్త్రీ పేరైనను లేదు. రామానుజము భార్య జానకమ్మ ఇరువది సంవత్సరములు దాటీదాటకమునుపే వితంతువై, తరువాత మద్రాసు తిరువల్లిక్కేణిలో బట్టలు కుట్టి జీవించి, 1994 వరకు బ్రతికెను. భర్తకు ఉత్తరములిచ్చి గుమ్మమునుండి గుమ్మమునకు పంపినట్టి సంఘమొకటి ఆమెకు దొరకలేదు. నేడు మన పాఠశాలలో చదువు బాలికలు మార్కులలో బాలురకు తీసిపోరు. కాని చదువు ముగిసిన వెంటనే బాలుడు నలుగురితో తిరిగి నాలుగు సంగతులు తెలిసికొనుచుండగా, బాలిక యెరిగినవారి సంఖ్య ఇంటి గోడలతో ఆగిపోవుచున్నది. ఆమె తన ఉపాధ్యాయినికి ఉత్తరము వ్రాసిన తప్పేమి? పాత విద్యార్థినుల సమావేశమునకు వచ్చిన తప్పేమి?

ఉత్తరములనగా నా తప్పు ఒకటి జ్ఞాపకము వచ్చుచున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలుడు పట్టణమునకు పోవుచు నన్నొక ఉత్తరమడిగెను. “ఇతని నడవడి మంచిది, శ్రద్ధ గలవాడు” అని వ్రాసి సంతకము చేసి యిచ్చితిని. అట్టి ఉత్తరములు వందలకొలది వ్రాసియుందును. అతడు దానిని పట్టుకొని మూడు దుకాణములకు, ఒక కార్ఖానాకు తిరిగి వచ్చెను. చదివినవారు తలయూపి మడచి యిచ్చిరట. అప్పుడు నాకు సిగ్గు కలిగి, “నీకు వచ్చిన పని యేదిరా?” అని అడిగితిని. నాలుగేండ్లు నా తరగతిలో కూర్చుండినవానిని అప్పుడా నేను ఆ ప్రశ్న అడుగుట! అతడు సంచిలోనుండి ఒక నోటుపుస్తకము తీసెను. తమ ఊరిలోని నీటిమోటార్ల తీగచుట్లను తానే విప్పి, చుట్టి, ఒక్కొక్కదానికి పటము గీసి, చుట్ల సంఖ్య, తీగ మందము వ్రాసియుంచెను. పదునొకండు మోటార్ల లెక్క దానిలోనుండెను. ఈసారి ఉత్తరములో నడవడి మాట వ్రాయలేదు. పదునొకండు మోటార్ల సంగతి వ్రాసి, పుస్తకము చూడుడని మాత్రము కోరి, మోటార్ల పని తెలిసిన ఒక పాత విద్యార్థికి పంపితిని. ఆ పాత విద్యార్థి తాను పని ఇయ్యలేదు. ఇయ్యగలవాని పేరు చెప్పెను.

ఆ బాలునికి పని కుదిరి ఇప్పటికి ఐదేండ్లు. సంవత్సరమునకొకసారి తాను ఏమి నేర్చెనో, ఎంత జీతమో వ్రాయుచుండును. అడిగినప్పుడు మాత్రమే వ్రాయువారి ఉత్తరములకును, ఇట్టి ఉత్తరములకును తపాలా బంట్రోతు చేతిలోనుండగనే భేదము తెలియును. పోయిన నెల వచ్చినదానిలో చివర రెండు పంక్తులుండెను. “మాస్టరుగారూ, మా చెల్లెలు ఊరిలోని ఆడువారి పొదుపు సంఘము లెక్కలు రెండేండ్లుగా వ్రాయుచున్నదండి. దానికికూడ ఒక ఉత్తరమియ్యగలరా?” అని. ముందు ఆ లెక్కల పుస్తకము పంపుమని జవాబు వ్రాసితిని.